మీ ప్రశ్న – మా జవాబు: ఎడారి సుడిగాలి, పొదిలి సుడిగాలి

ఎండాకాలం వచ్చిందంటే ఈ పేజీకి వచ్చే ఉత్తరాలన్నీ ఎండ చుట్టూనే తిరుగుతాయి. ఈసారి పొదిలి నుంచి ఒకామె రాసిన ఉత్తరం చదివాక మిగతావి పక్కన పెట్టి, సుడిగాలి మీద వచ్చినవే ఏరుకున్నాను. మొదటి జవాబు బాగా పొడుగైంది, ఏమనుకోకండి, ఆమె అడిగిన ప్రశ్న అలాంటిది.

ప్రశ్న (పొదిలి నుంచి ఒక పాఠకురాలు): మా అబ్బాయి రాజస్థాన్‌లో, భడ్లా దగ్గర సోలార్ ప్లాంటులో పని చేస్తున్నాడు. మే నెలలో వాడి దగ్గరికి వెళ్లి పది రోజులున్నాను. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక కిటికీలోంచి చూస్తుంటే దూరంగా నేల మీద నుంచి దుమ్ము స్తంభాలు లేచి, మనుషులు నడిచినట్టు నడుచుకుంటూ పోతున్నాయి. ఒక్కోసారి నాలుగైదు కనిపించేవి. ఒకటైతే తాటిచెట్టుకి పదింతలు ఉంటుంది. మా చేలల్లో కూడా సుడిగాలి లేస్తుంది కానీ ఇంటి కప్పు ఎత్తు లేచి పడిపోతుంది. ఇవి రెండూ ఒకటేనా? ఇంకో అనుమానం కూడా ఉంది. ఆ టైములో గాలి అసలు లేదు, తాడు మీద ఆరేసిన చీర కూడా కదలడం లేదు. గాలే లేనప్పుడు సుడిగాలి ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు: రెండూ ఒకటేనమ్మా. పొదిలి మెట్టలో లేచేదీ భడ్లాలో లేచేదీ ఒకే జాతి, కాకపోతే అక్కడిది మంచి మేత దొరికిన గొడ్డులాగా ఒళ్లు చేసింది. నాకు బాగా నచ్చింది మీ రెండో అనుమానం. సుడిగాలి అనే పేరు వల్ల మనమందరం అది ఎక్కడో పుట్టి మన వైపు వచ్చిన గాలి అనుకుంటాం. అది ఎక్కడి నుంచీ రాలేదు, అక్కడే పుట్టింది. ఆ నేల మీద పేరుకున్న వేడికి పైకి పోయే దారి దొరికింది, ఆ దారే మీకు స్తంభంలాగా కనిపించింది.

ముందు నేల సంగతి చెప్పుకుందాం. పేపర్లో "నిన్న ఒంగోలులో 43 డిగ్రీలు" అని వేస్తారు చూడండి, అది నేల వేడి కాదు. నేలకి నాలుగైదు అడుగుల ఎత్తున, గాలి ఆడే పెట్టెలో, నీడపట్టున పెట్టిన థర్మామీటరు చెప్పే లెక్క అది. అదే సమయానికి ఎండలో ఉన్న ఉత్త నేల 60 డిగ్రీలు కూడా దాటుతుంది. రోహిణి కార్తెలో చెప్పు తెగిపోయి రోడ్డు మీద పది అడుగులు నడిచినవాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడెక్కించదు. గాలిలోంచి దూరి వచ్చి నేలని కాలుస్తుంది, ఆ నేలని ఆనుకుని ఉన్న గాలి పెనానికి అంటుకున్న అట్టులాగా కాలుతుంది. అందుకే మధ్యాహ్నానికి మన పాదాల దగ్గర ఒక పల్చటి గాలి పొర విపరీతంగా వేడెక్కి ఉంటుంది, నడుము ఎత్తుకి వచ్చేసరికే ఆ వేడి పది డిగ్రీలో ఇంకా ఎక్కువో తగ్గిపోతుంది.

వేడి గాలి తేలిక, అది కింద ఉంది. దానికన్నా చల్లటి గాలి బరువు, అది పైన కూర్చుంది. ఇట్లాంటి సర్దుబాటు ఎంతోసేపు నిలవదు. అట్లాగని కింద ఉన్న గాలంతా ఒక్కసారిగా లేచిపోవడానికి కూడా లేదు, పైన మూతలాగా ఇంకో గాలి ఉంది కదా. ఎసరు పెట్టినప్పుడు గిన్నెలోకి తొంగి చూడండి, నీళ్లన్నీ కలిసి పైకి రావు, అడుగు నుంచి అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేస్తుంది. చేలో కూడా అంతే. దున్నేసిన నల్లరేగడి చెక్కో, కంకర పోసిన డొంకో, పక్క నేల కన్నా ఎక్కడ కొంచెం ఎక్కువ కాలిందో అక్కడ వేడి గాలి ముందుగా పైకి తన్నుకుపోతుంది. ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న వేడి గాలి నేల మీద పాకుతూ వచ్చి చేరుతుంది, అదీ పైకి పోతుంది, దాని వెనకే ఇంకాస్త.

ఇంతవరకూ సుడి లేదు, ఉత్త వేడి గాలి పైకి పోవడమే. నాలుగు వైపుల నుంచి వచ్చే ఈ గాలి ముక్కుసూటిగా మధ్యకి రాదు. ఒక పక్క ముళ్లకంచె అడ్డం, ఇంకో పక్క రాళ్లగుట్ట, మరో పక్క నుంచి చిన్న తెమ్మెర, వీటివల్ల వెంట్రుకవాసి పక్కకి ఒరిగి వస్తుంది. దూరంగా ఉన్నప్పుడు ఆ ఒరుగు కంటికి ఆనదు కానీ మధ్యకి దగ్గరయ్యే కొద్దీ అదే గిర్రున తిరగడంగా మారుతుంది. చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగే ఉంటారు. చేతులు బార్లా చాచి వెనక్కి వాలి తిరిగేటప్పుడు ఒక వేగం, ఇద్దరూ చేతులు మడిచి దగ్గరికి లాక్కుంటే ఒక్కసారిగా వేగం పెరిగి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఎవరూ తొయ్యలేదు, దగ్గరైనందుకే ఆ వేగం. గాలికి కూడా అదే లెక్క, పది మీటర్ల దూరంలో నత్తనడక నడిచే గాలి మధ్యకి ఒక మీటరు దూరానికి వచ్చేసరికి పది రెట్లు వేగంగా తిరగాలి (నేల రాపిడికి కొంత పోతుంది, అది వేరే సంగతి). దానికి తోడు పైకి లేచే గాలి ఆ సుడిని నిలువుగా సాగదీస్తుంది, సాగితే సన్నబడుతుంది, సన్నబడితే ఇంకా వేగంగా తిరుగుతుంది. మధ్యలో గాలి ఒత్తిడి చుట్టుపక్కల కన్నా కాస్త తగ్గుతుంది, మహా అయితే కొద్ది మిల్లీబార్లు (గాలి ఒత్తిడిని వీటిలో కొలుస్తారు), ఆ కాస్త తేడాకే కింద నుంచి ఇంకా గాలి లాక్కుంటూ ఉంటుంది.

ఇప్పటిదాకా దుమ్ము మాటే రాలేదు, గమనించారా? దుమ్ము ఆఖర్న వస్తుంది. సుడి తిరగడం మొదలయ్యాక దాని కాళ్ల కింద వదులు మట్టి ఉంటే లేపుతుంది, మనకి కనిపిస్తుంది. గట్టి నేల అయితే ఏమీ లేవదు, మనం దాని పక్కనుంచే నడిచిపోతాం, లుంగీ అంచు ఒకసారి ఎగిరితే "ఏందబ్బా ఇది" అనుకుంటాం, అంతే. ఎండాకాలం మధ్యాహ్నం మన చుట్టూ ఇట్లా పైకి పోయే వేడి గాలులు చాలానే ఉంటాయి. గద్ద రెక్క ఆడించకుండా చుట్లు కొడుతూ పైకి పైకి పోతుంది చూడండి, అది అట్లాంటి గాలి మీద కూర్చుని పోతున్నదే. దానికి ఆ దారి తెలుసు, మనకి దుమ్ము పట్టుకుంటే గానీ తెలియదు.

ఇక ఎడారిలోనే అంత పెద్దవి ఎందుకు? మన నేలలో ఎంత ఎండాకాలమైనా ఎంతో కొంత తడి ఉంటుంది, గడ్డి ఉంటుంది, కంది మోళ్లుంటాయి, వేపచెట్టుంటుంది. ఎండలో కొంత భాగం ఆ తడిని ఆవిరి చెయ్యడానికే ఖర్చయిపోతుంది, కుండ చెమర్చి చల్లబడినట్టు. ఎడారి నేలకి చెమట పట్టదు. ఎండ మొత్తం నేలని కాల్చడానికీ, నేల మీది గాలిని కాల్చడానికే. ఆకాశంలో మబ్బు ఉండదు, నేల బల్లపరుపుగా ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికల్లా ఆ వేడి గాలి కలదిప్పుకుంటూ మూడు నాలుగు కిలోమీటర్ల ఎత్తు దాకా పోతుంది. అంత ఎత్తైన ఇంట్లో స్తంభం కూడా ఎత్తుగానే లేస్తుంది. మామూలుగా ఇవి పదుల మీటర్ల ఎత్తే ఉంటాయి, పెద్దవి మాత్రం ఎడారుల్లో కిలోమీటరు దాకా పోతాయి. మనకి ఇంకో అడ్డం సముద్రం. మధ్యాహ్నం తూర్పు నుంచి చల్లగాలి లోపలికి తిరిగిందంటే కింది పొర చల్లబడిపోతుంది, సుడి లేవడానికి సరుకే ఉండదు. మీ పొదిలి దాకా ఆ గాలి అన్ని రోజులూ రాదు కాబట్టి ఒడ్డు మీద ఉన్న కొత్తపట్నం వాళ్ల కన్నా మీరే ఎక్కువ సుడిగాలులు చూస్తారు.

ఎడారి అనగానే ఇసుక తిన్నెల మీద ఇవి ఎక్కువ లేస్తాయనుకుంటాం. అది తప్పు. తిన్నెల మీద ఇసుక గింజ పెద్దది, బరువైనది, పైకి లేచినా తొందరగా పడిపోతుంది. బండ్లు తిరిగి తిరిగి పిండి అయిన బాటలు, ఎండిపోయిన చెరువుల అడుగులు, చదును చేసిన నేలలు, ఇవీ దానికి ఇష్టమైన చోట్లు. కళ్లంలో తూర్పారబట్టడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. చేట ఎత్తి పోస్తే గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, పొల్లు కొంచెం దూరం పోతుంది, దుమ్ము ఎక్కడికో పోతుంది. సుడిగాలి కూడా నిలువునా తూర్పారబడుతూ ఉంటుంది. ఇసుక మోకాలి ఎత్తులో గిరగిరా తిరిగి పక్కకి రాలి స్తంభం అడుగున పావడాలాగా కనిపిస్తుంది, సన్నటి దుమ్ము ఒక్కటే పైదాకా పోతుంది. అందుకే పైభాగం పొగలాగా పల్చగా ఉంటుంది.

గాలి లేదన్నారు కదా, లేకపోవడమే దానికి మంచిదైంది. గట్టిగా ఈదరగాలి కొడితే కింది వేడి పొర కలిసిపోయి చెదిరిపోతుంది, సుడి నిలబడలేదు. కొంచెం తెమ్మెర ఉంటే చాలు, అదే దాన్ని నడిపిస్తుంది. పదకొండు గంటల నుంచి మూడు, నాలుగు దాకా వీటి పొద్దు. పొద్దు వాలితే నేల చల్లబడుతుంది, ఇక రావు. ఎక్కువ భాగం రెండు మూడు నిమిషాలకే అయిపోతాయి, ఎడారిలో పెద్దవి మాత్రం ఇరవై నిమిషాలు, అరుదుగా ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయి. లోపల తిరిగే గాలి మామూలుగా గంటకి 40 నుంచి 70 కిలోమీటర్లు, బాగా బలిసినవాటిలో 100 దాకా.

ప్రశ్న (నెల్లూరు నుంచి ఇంటర్ విద్యార్థి): మన వైపు వచ్చే తుపాన్లన్నీ గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతాయని పుస్తకంలో ఉంది. సుడిగాలి కూడా అంతేనా? మా ఫ్రెండ్ కాదంటున్నాడు, పందెం కూడా కట్టాం.

జవాబు: పందెం ఎంతో రాయలేదు, ఎంతైనా ఫ్రెండుకి ఇచ్చెయ్ తమ్ముడూ. తుపాను వందల కిలోమీటర్ల మేర పరుచుకుని రోజుల తరబడి బతుకుతుంది, కాబట్టి భూమి తిరుగుడు దాన్ని పట్టుకోగలుగుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెద్ద తుపానైనా, పోయినేడాది వచ్చిన చిన్న వాయుగుండమైనా ఉత్తరార్ధగోళంలో ఎదురు దిశే. సుడిగాలి వెడల్పు కొద్ది మీటర్లు, ఆయుష్షు నిమిషాలు, భూమి దాన్ని తిప్పే లోపే చచ్చిపోతుంది. మొదట్లో ఏ కంచె, ఏ గుట్ట ఎటు ఒరిగిస్తే అటే. లెక్కపెట్టి చూసినవాళ్లకి అటు సగం, ఇటు సగం వచ్చాయి. తొట్టిలో నీళ్లు పోయేటప్పుడు తిరిగే సుడిని భూమి తిప్పుతుందని చెప్పేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లతో కూడా పందెం కట్టు, ఈసారి గెలుస్తావు.

ప్రశ్న (కనిగిరి దగ్గర పల్లె నుంచి ఒక పాఠకుడు): సుడిగాలి వస్తే దాంట్లో దెయ్యం ఉంటుందని మా అవ్వ థూ థూ అని ఉమ్మేది. చెప్పు విసిరితే ఆగిపోతుందని మా మామ అనేవాడు. నేను విసిరితే నిజంగానే ఆగింది. దీనికేమంటారు?

జవాబు: చెప్పు దొరికిందా లేదా అంటాను ముందు. నేనూ విసిరాను, కందుకూరు వైపు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, పదేళ్ల వయసులో. చెప్పు పోయింది, సుడిగాలి కూడా పోయింది, అమ్మమ్మ దగ్గర దెబ్బలు మాత్రం మిగిలాయి. మరుసటి ఏడాది ఇంకా తెలివి మీరి దాని మధ్యలోకే పరుగెత్తాను. లోపల ఏముందో చెప్తా వినండి. ఒక్క అంగలో చెవులు గుయ్యిమన్నాయి, కళ్లు మూసుకున్నా దుమ్ము దూరింది, కాలిపిక్క మీద తుమ్మముల్లు గీసుకుపోయింది. పళ్ల మధ్య ఇసుక రాత్రి అన్నంలో కూడా కరకరలాడింది. దెయ్యం మాత్రం కనబడలేదు.

చెప్పుకి ఆగడం సంగతి ఇంతే. చెప్పందుకునే దూరానికి వచ్చేటప్పటికే దాని రెండు నిమిషాల ఆయుష్షులో సగం అయిపోయి ఉంటుంది. మీరు విసిరినా విసరకపోయినా అది ఆగేదే. ఈ పరీక్ష మీకన్నా ముందు ఇంకొకాయన చేశాడు. 1755లో అమెరికా మేరీల్యాండ్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, అదే, మెరుపులో ఉన్నది కరెంటేనని చెప్పినాయన, గుర్రం మీద పోతుంటే బాట మీద చిన్న సుడిగాలి లేచింది. మిగతావాళ్లు ఆగి చూస్తుంటే ఈయన గుర్రాన్ని దాని పక్కనే నడిపిస్తూ, కొరడాతో దాన్ని మాటిమాటికీ కొట్టాడు, విరుగుతుందేమోనని. విరగలేదు. అది అడవిలోకి దూరి ఎండుటాకుల్ని లేపుకుంటూ ఇంకా పెద్దదైంది, కొమ్మలు పడుతుంటే అప్పుడు భయపడి ఆగాడు. ఆయన కొడుకు ఇంకొంచెం దూరం వెంటబడ్డాడు. అడవి దాటి ఒక పాత పొగాకు చేలోకి వచ్చేసరికి అక్కడ లేపడానికి దుమ్మూ లేదు, ఆకూ లేదు, సుడి కింది నుంచి మెల్లగా కనబడకుండా పోయింది. ప్రకాశం జిల్లాలో పుట్టినవాడిగా ఈ కథలో పొగాకు చేను ఉండటం నాకెంతో ఇష్టం. గాలి అక్కడ ఆగిపోయిందని వాళ్లు రాయలేదు, కనబడకుండా పోయిందని రాశారు, ఆ తేడా ముఖ్యం. ఇక్కడ ఇట్లాంటివి తరచుగా వస్తాయా అని ఫ్రాంక్లిన్ అడిగితే, ఆతిథ్యం ఇచ్చిన పెద్దమనిషి "లేదండీ, మీకోసమని ప్రత్యేకంగా తెప్పించాం" అన్నాడట.

రెండు వందల ఏళ్ల తర్వాత, 1960లలో అరిజోనా ఎడారిలో పీటర్ సింక్లెయిర్ అనే శాస్త్రవేత్త కొరడాకి బదులు కొలిచే పరికరాలు పట్టుకుని వీటి వెంటబడ్డాడు. లోపలి గాలి బయట గాలి కన్నా కొన్ని డిగ్రీలు వేడిగా ఉందనీ, ఒత్తిడి కొద్ది మిల్లీబార్లు తగ్గిందనీ తేలింది. పైన నేను చెప్పింది నా మాట కాదు, ఇట్లాంటి కొలతల మాట.

మీ అవ్వని మాత్రం ఏమీ అనకండి. అరబ్బులు దీన్ని జిన్ను అన్నారు, అమెరికాలో నవాహో తెగవాళ్లు చనిపోయినవాళ్ల ఆత్మ అన్నారు, ఇంగ్లీషువాడు కూడా డస్ట్ డెవిల్ అనే పిలుస్తాడు, డెవిల్ అంటే ఏమిటో మీకు తెలుసు. మన కథల్లో అయితే చిన్ని కృష్ణుణ్ణి ఎత్తుకుపోవడానికి సుడిగాలి రూపంలో వచ్చిన రాక్షసుడే ఉన్నాడు, తృణావర్తుడు. తృణం అంటే గడ్డిపోచ, ఆవర్తం అంటే సుడి. గడ్డిపోచల్ని సుడి తిప్పేవాడు అని పేరు పెట్టినాయన ఏ కళ్లం గట్టు మీదో కూర్చుని బాగా చూసే పెట్టుంటాడు.

ప్రశ్న (ఉలవపాడు నుంచి ఒక మామిడి రైతు): సుడిగాలులు ఎక్కువ లేస్తే వాన దగ్గర పడినట్టా? మాకు కాయ కోతకొచ్చేటప్పుడు ఒక్క గాలికి సగం రాలిపోతుంది, ముందే తెలిస్తే బాగుంటుంది.

జవాబు: మీరు రెండు గాలుల్ని కలిపేస్తున్నారు, తప్పు మీది కాదు, రెండింట్లోనూ దుమ్మే లేస్తుంది మరి. సుడిగాలి తెల్లటి ఎండలో, మబ్బు లేనప్పుడు లేస్తుంది, ఒక పెద్ద మబ్బు నీడ వచ్చి పడితే నేల చల్లబడి చచ్చిపోతుంది. అది చెప్పేదల్లా ఈరోజు నేల బాగా కాలింది అని. మీ కాయ రాల్చేది గాలిదుమారం. దాని పుట్టుక పూర్తిగా తలకిందులు. ఎక్కడో పెద్ద ఉరుముల మబ్బులోంచి వాన పడుతూ, ఆ వానకి చల్లబడ్డ బరువైన గాలి పైనుంచి దబ్బున కిందపడి, నేల మీద నలువైపులా పరుచుకుంటూ గోడలాగా దుమ్ము లేపుకుంటూ వస్తుంది. సుడిగాలి వేడిగాలి పైకి పోవడం, ఇది చల్లగాలి కిందపడటం. కాబట్టి సుడిగాలుల్ని చూసి కంగారుపడొద్దు, పడమటి వైపు మబ్బు ముద్దగా లేచి అడుగు నల్లబడి, ఒంటికి హఠాత్తుగా చల్లగాలి తగిలిందంటే మీ చేతిలో నిమిషాలే ఉన్నాయి. అప్పుడు చెట్టు మీద కాయని ఎవరూ కాపాడలేరు గానీ, కోసి పెట్టినవాటి మీద పట్టా కప్పుకోవచ్చు, చెట్టు కింద నిలబడినవాళ్లని పిలుచుకోవచ్చు.

ప్రశ్న (ఒంగోలు నుంచి, టెంట్ హౌస్ నడిపే పాఠకుడు): ఏప్రిల్లో ఒక నిశ్చితార్థానికి షామియానా వేశాం. గాలీ వానా ఏమీ లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఉన్నట్టుండి షామియానా గాల్లోకి లేచి పక్క ఇంటి మీద పడింది. మేం సరిగా కట్టలేదని పార్టీవాళ్లు డబ్బులు పట్టుకున్నారు. సుడిగాలికి అంత బలం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. డబ్బుల తగాదాలో నేను సాక్ష్యం చెప్పలేను గానీ, గాలి లెక్క చెప్పగలను. గంటకి 60, 70 కిలోమీటర్ల గాలి ఒక్కసారిగా కింద దూరితే షామియానా గుడ్డ తెరచాప అవుతుంది. సుడి మధ్యలో ఒత్తిడి కొంచెం తక్కువ, గాలి పైకి పోతూ ఉంటుంది, రెండూ కలిసి ఎత్తేస్తాయి. పక్కన రెండు వైపులా గుడ్డ కట్టేసి ఉంటే ఇంకా సులువు, దూరిన గాలికి పోయే దారి ఉండదు. టెంట్లు, రేకులు, పిల్లలు ఎక్కి గెంతే గాలి నింపిన పెద్ద బొమ్మలు ఇట్లా లేచిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో జరిగాయి, ఆ గాలి బొమ్మల్లో పిల్లలకి దెబ్బలు కూడా తగిలాయి. పెద్ద ఖాళీ స్థలంలో, మట్టి నేల మీద, ఎండాకాలం మధ్యాహ్నం వేసే పని అయితే గుంజలకి ఇసుక బస్తాలు కట్టండి, మేకులు ఏటవాలుగా లోతుగా దిగ్గొట్టండి. ఇక దారిన పోయేటప్పుడు సుడిగాలి ఎదురొస్తే బండి ఆపి, వీపు అటు తిప్పి, తువ్వాలు మొహానికి కప్పుకుని అరనిమిషం నిలబడితే చాలు. దాంట్లో నుంచి బండి పోనిచ్చి హీరోయిజం చూపించొద్దు, కంట్లో ఇసుక పడ్డ తర్వాత హ్యాండిల్ ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు.

ప్రశ్న (కోవూరు నుంచి ఒక రైతు): కోత మిషన్ కోసిన తర్వాత గడ్డికి నిప్పు పెడుతుంటే మంట సుడి తిరుగుతూ పైకి లేచింది. ఇదీ సుడిగాలేనా?

జవాబు: అదే కుటుంబం, కానీ దీన్ని తమాషాగా చూడకండి. నేలని ఎండ కాల్చే బదులు మంట కాలుస్తుంది, మిగతా కథంతా అదే, గాలి పైకి పోతుంది, చుట్టూ గాలి వచ్చి చేరుతుంది, తిరుగుతుంది. తేడా ఏమిటంటే ఇది దుమ్ముకి బదులు నిప్పుల్ని మోసుకుపోయి పక్క చేలో, పక్క వామి మీద పడేస్తుంది. 1923 సెప్టెంబరు 1న జపాన్‌లో భూకంపం వచ్చి టోక్యో తగలబడినప్పుడు, ప్రాణాలు కాపాడుకోవడానికి ఒక పెద్ద మైదానంలోకి చేరిన జనం మీదికి ఇట్లాంటి అగ్ని సుడి వచ్చి, సుమారు 38,000 మంది ఆ ఒక్కచోటే పోయారు. మీ చేలో అంత మంట ఉండదు, నిజమే. అయినా గడ్డి కాల్చకండి, పశువులున్నవాళ్లకి ఇచ్చెయ్యండి, కోవూరులో గడ్డి అడిగేవాళ్లకి కరువా?

ప్రశ్న (ఒంగోలు నుంచి ఏడో తరగతి చదివే పాప): అంగారకుడి మీద గాలి చాలా తక్కువ అని మా సార్ చెప్పారు. అక్కడ కూడా సుడిగాలులు వస్తాయా?

జవాబు: బ్రహ్మాండంగా వస్తాయి తల్లీ. మీ సార్ చెప్పింది నిజమే, అక్కడి గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో నూరో వంతు కూడా ఉండదు. కానీ సుడిగాలికి కావలసిన సరుకులు గుర్తున్నాయా? కాలిన నేల, దాని పైన చల్లటి గాలి, సన్నటి దుమ్ము. మూడూ అక్కడ దండిగా ఉన్నాయి, ఆవిరయ్యే తడి నేలలో లేదు, కాబట్టి ఎండంతా నేలని కాల్చడానికే. గాలి పల్చన కాబట్టి తోపు తక్కువ, మనిషి నిలబడితే పడిపోడు, కానీ ఎత్తు చూస్తే మతి పోతుంది. 2012 మార్చిలో పైన తిరిగే ఒక అమెరికా ఉపగ్రహం తీసిన ఫోటోలో ఒక సుడిగాలి 20 కిలోమీటర్ల ఎత్తు ఉంది. మన విమానాలు ఎగిరే ఎత్తుకి దాదాపు రెట్టింపు.

పొదిలి పెద్దమ్మ వాళ్ల అబ్బాయి సోలార్ ప్లాంటులో పని చేస్తున్నాడని పైన చదివావు కదా, ఆయన్నడిగితే ప్యానెళ్ల మీద పడే దుమ్ముతో ఎంత తలనొప్పో చెప్తాడు. అంగారకుడి మీద తిరిగిన స్పిరిట్ అనే రోవరుకి (చక్రాల యంత్రానికి) కూడా అదే తలనొప్పి. 2004 జనవరిలో దిగింది, దుమ్ము పేరుకుని కరెంటు తగ్గిపోతుందని 90 రోజులే పని చెయ్యాలని అనుకున్నారు. 2005 మార్చిలో ఉన్నట్టుండి దాని ప్యానెళ్లు శుభ్రమైపోయి కరెంటు పెరిగింది, గాలి వచ్చి ఊడ్చేసి పోయింది. ఆ రోజుల్లోనే దాని చుట్టూ సుడిగాలులు తిరుగుతున్న ఫోటోలు కూడా పంపింది. అట్లా 2010 దాకా పని చేసింది. ఇన్‌సైట్ అనే ఇంకో యంత్రానికి అంత అదృష్టం పట్టలేదు. దాని మీదుగా చాలా సుడులు పోయినా దుమ్ము మాత్రం పోలేదు, కరెంటు చాలక 2022 డిసెంబరులో మూగబోయింది.

2021 సెప్టెంబరు 27న ఇంకో తమాషా జరిగింది. పర్సెవరెన్స్ రోవరు మైకు తెరిచి ఉన్న సమయానికే ఒక సుడిగాలి సరిగ్గా దాని మీది నుంచి పోయింది. 25 మీటర్ల వెడల్పు, కనీసం 118 మీటర్ల ఎత్తు. ఇంట్లో పెద్దవాళ్లని అడిగి నాసా వెబ్‌సైటులో ఆ శబ్దం పెట్టించుకుని విను, కొన్ని సెకన్లే ఉంటుంది. ముందు హోరు, దుమ్ము గింజలు మైకుకి తగిలి చిటపటమంటాయి, తర్వాత సుడి మధ్యభాగం పైకి వచ్చినప్పుడు ఒక్క క్షణం చప్పుడు తగ్గిపోతుంది, మళ్లీ హోరు. చెవికి ఫోను దగ్గరగా పెట్టుకో, లేకపోతే ఆ మధ్యలో తగ్గిన చోటు దొరకదు.